మరిగే పాలలో పెరుగు

విజయనగరంలో కనకం అనే ఇల్లాలికి తోటికోడలు వరహాలును చూస్తే చాలు, ఒళ్లు మండిపోయేది. కనకం పై వాటాలో ఉండేది, వరహాలు కింద వాటాలో. ఇద్దరి కొడుకులూ ఒకే ఏడాది పుట్టారు. వరహాలు తన దిలీప్‌కు చోడి అంబలి, అంటే రాగి జావ, ఇంటి పెరుగు కలిపి తాగించేది. అది చూసి కనకం తన యశ్వంత్‌కు ఖరీదైన డబ్బా పాలపొడి కలిపి పట్టేది. వాడు తుమ్మితే చాలు, డాక్టరుకు చూపించకుండానే మందుల షాపు నుంచి యాంటీబయాటిక్ తెచ్చి పోసేది. "నాలాగా పెంచడం దానికి చేతనవుతుందా!" అని మురిసిపోయేది. ఏం మురిపెమో!

పిల్లలు పెద్దవాళ్లయ్యాక బడిలో ఆరోగ్య పరీక్షలు చేశారు. దిలీప్‌కు ఏ లోటూ లేదన్నారు. యశ్వంత్ బరువు ఎక్కువుందనీ, రక్తంలో చక్కెర హద్దు దాటబోతోందనీ చెప్పారు. కనకం కంగారుగా బడి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. దారిలోనే, "దాని కొడుకు బాగుండి నా కొడుక్కే ఎందుకిలా?" అని కుళ్లు పుట్టుకొచ్చింది.

"మన పేగుల్లో కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయమ్మా," అంది డాక్టరమ్మ. "చక్కెర, కొవ్వు అదుపులో ఉండడానికి, గుండె బాగుండడానికి అవి సాయపడతాయి. పసితనం నుంచే వాటిని కాపాడుకోవాలి. అవసరం లేని మందులు పోస్తే మంచివి కూడా చస్తాయి. ఇక నుంచి ఆకుకూరలు, పప్పులు, చోళ్లు, పెరుగు పెట్టండి. బాగా ఆడుకోనివ్వండి."

కనకం చెవికి పెరుగు ఒక్కటే ఎక్కింది. గుట్టంతా వరహాలు పెరుగులోనే ఉందనుకుంది. అడగడానికి నామోషీ. వరహాలు బజారుకెళ్లడం చూసి, ఆమె కుండలోంచి తన గరిటెతో కాస్త పెరుగు గిన్నెలోకి తోడి దొంగిలించింది. పట్టుబడతానేమోనన్న హడావుడిలో, పొయ్యి మీద మరుగుతున్న పాలలోనే దాన్ని వేసేసింది. పాలు విరిగిపోయాయి.

కాసేపటికి వరహాలు మెట్లెక్కి వచ్చింది.

"ఏటక్కా, మీ గరిటె మా కుండలో ఉండిపోనాది!"

కనకం తల దించుకుంది. వరహాలు విరిగిన పాలను చూసింది, కానీ నవ్వలేదు.

"మరిగే పాలల్లో వేస్తే పెరుగులో జీవాలన్నీ సచ్చిపోవా? గోరువెచ్చగా ఉన్నప్పుడు వెయ్యాల. అడిగితే నేను ఇవ్వనా? యశ్వంతు నాకు మాత్రం కొడుకు కాడా?"

కనకం భోరున ఏడ్చింది. "నీ మీద కుళ్లుతో నా బిడ్డ పొట్టే పాడుచేసుకున్నానే!"

ఆనాటి నుంచి పిల్లలిద్దరికీ ఒకే వంట, ఒకే ఆట. మరుసటి ఏడాది పరీక్షలో యశ్వంత్‌కు చక్కెర తగ్గింది. బరువు మాత్రం ఇంకా తగ్గాలన్నారు. పసితనంలో జరిగిన తప్పు దిద్దుకోవడానికి ఓపిక కావాలి మరి.

ఎదుటివారి మంచిని చూసి అసూయపడితే నష్టపోయేది మన బిడ్డలే. అడిగి నేర్చుకుంటే ఆ మంచి మనకూ దక్కుతుంది.