చెలమ దగ్గర వరస

రోహిణి కార్తె వచ్చేసరికి కొండవాగులో ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. వాగు మలుపు తిరిగే చోట, మద్ది చెట్టు నీడలో, ఎలుగుబంటి ఇసుక తవ్వి ఒక చెలమ చేసింది. పొద్దంతా ఊరితే అందులో ఒక పూటకు సరిపోయే నీళ్లు చేరేవి. వాటి మీద పదిహేను ప్రాణాలు బతుకుతున్నాయి. ఎలుగు, ఆరు దుప్పులు, నలుగురు పిల్లలతో ఒక కుందేలు, గానుగ నుంచి తప్పించుకొచ్చిన ముసలి ఎద్దు, చెలమ అడుగున తడిలో కూర్చునే తాబేలు, కొత్తగా వచ్చిన నక్క.

నీళ్లు అంత తక్కువైనా అక్కడ కొట్లాట లేదు. ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు ముందు తాగాలో ఎవరు తర్వాత తాగాలో సాయంత్రం ఒకరు వరస చెబుతారు. రోజుకొకరి వంతు. వరస చెప్పినవాళ్లు మాత్రం ఆ రోజు అందరికన్నా చివర తాగాలి. తమకు మిగిలేది ఎంతో కళ్లెదుట కనబడుతుంటుంది కాబట్టి, వాళ్లు ఎవరినీ అతిగా తాగనిచ్చేవాళ్లు కాదు. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. గొప్పదని కూడా ఎవరూ అనుకోలేదు.

నక్క అంతకుముందు రెండేళ్లు పట్నంలో ఒక కాలేజీ హాస్టల్ వెనక ఉండేది. కుర్రాళ్లు పారేసిన అన్నం తింటూ, కిటికీ కింద పడుకుని వాళ్ల వాదనలు వినేది. తిన్న అన్నం అరిగిపోయింది. విన్న మాటలు అరగలేదు.

ఒక సాయంత్రం దాని వంతు వచ్చింది. ఇసుక దిబ్బ ఎక్కి నిలబడింది.

"నేను వరస చెప్పను," అంది.

"మరెవరు చెబుతారు, మీ తాతా?" అంది ఎలుగు.

"సిద్ధాంతం చెబుతుంది ఎలుగన్నా. ఎన్నాళ్లని ఒకరి ఇష్టం మీద ఇంకొకరు బతకాలి? వ్యక్తులు పోతారు, సిద్ధాంతం నిలుస్తుంది. ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసేదే మంచి. దానికి అడ్డొచ్చేదే చెడు. మిగతాదంతా పాత బూజు."

దుప్పుల పెద్ద తల ఊపింది. "వినడానికి బాగానే ఉంది. అయితే చివర తాగేదెవరు?"

"చెప్పింది సిద్ధాంతం కదా. దానికి దాహం వేయదు."

అన్నీ నవ్వాయి. చివర తాగే బాధ ఎవరికీ లేకుండా పోయిందంటే ఎవరికి చేదు? ఆ రోజు సిద్ధాంతం ప్రకారం ఎక్కువమంది ఉన్న దుప్పులు ముందు తాగాయి. తర్వాత పిల్లల తల్లి కుందేలు. మూడోది నక్క, ఎందుకంటే అందరి కోసం ఆలోచించే తల ఎండిపోకూడదట. ఎలుగు నాలుగోది. చివర ఎద్దు చెలమలోకి మూతి పెడితే బురద తగిలింది. పన్నెండేళ్లు గానుగ చుట్టూ తిరిగిన ఎద్దు అది. ఏ మాటనైనా చుట్టూ తిరిగి చూడనిదే పెదవి విప్పదు.

మర్నాడు ఎండ ఇంకా ముదిరింది. చెలమలో నీళ్లు సగానికి పడిపోయాయి. నక్క మళ్లీ దిబ్బ ఎక్కింది.

"సిద్ధాంతం ఈ రోజు కష్టమైన మాట చెబుతోంది," అంది మెల్లగా. "పద్నాలుగు మందిమి పూటకోసారి వచ్చి పదేసి గుక్కలు తాగి పోతున్నాం. ఒకరు మాత్రం పగలంతా నీళ్లలోనే కూర్చుని తాగుతున్నారు. ఆ ఒకరు వెళ్లిపోతే పద్నాలుగు ప్రాణాలు వానల దాకా నిలుస్తాయి. పద్నాలుగు పెద్దదా, ఒకటి పెద్దదా? నన్ను అడగకండి, లెక్కను అడగండి."

తాబేలు తల బయటకు పెట్టింది. "నన్ను ఎక్కడికి వెళ్లమంటావు నాయనా?"

"కొండ అవతల మడుగు ఉంది కదా అవ్వా."

"ఎద్దుకు అది పూట నడక. నాకు ఐదు రోజులు. ఈ ఎండలో రెండో రోజు దాటను."

"నీ త్యాగాన్ని ఈ వాగు మరిచిపోదు. నువ్వు ఒంటరిగా పోనక్కర్లేదు. దారి పొడుగునా నేను తోడు వస్తాను."

"తోడు వెళ్లేటప్పుడు నీకు ఆకలి వేయదా?" అంది ఎలుగు.

"చూశారా? మాటకు జవాబు లేనివాళ్లు మనిషి మీదకు వస్తారు," అంది నక్క. పట్నంలో విన్న ముక్క అది. మనిషి అక్కడ లేడన్న సంగతి దానికి తట్టలేదు.

ఎలుగుకు వాదించడం రాదు. "అవ్వ మనందరికన్నా ముందు నుంచి ఇక్కడుంది," అంది. నక్క ఆ మాటను పాత సంకెళ్లంది. "అవ్వ నీళ్లలో పురుగులు తింటుంది, అందుకే మనకు కడుపునొప్పి రావడం లేదు," అంది ఎలుగు మళ్లీ.

"పురుగుల కోసం నన్ను ఉంచకు ఎలుగూ," అంది తాబేలు. "రేపు పురుగులు లేకపోతే నువ్వే పొమ్మంటావు."

ఎలుగు తల దించుకుంది. కుందేలు అసలు తలే ఎత్తలేదు. ఇసుకకేసి చూస్తూనే అంది: "నాకు పాలు ఇంకిపోయాయి అవ్వా. నాలుగో దానికి నిన్నటి నుంచి ఏమీ లేదు. నక్కన్న చెప్పింది నిజమేనేమో."

దుప్పులు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. వద్దని ఒక్కటీ అనలేదు. లోకంలో ఇలాగే జరుగుతుంది. చెడ్డవాడు ఒక్కడు చెబుతాడు, దాహం వేసిన మంచివాళ్లు ఊరుకుంటారు. త్యాగం అనే చొక్కాను ఎప్పుడూ ఎదుటివాడి కొలతకే కుడతారు.

తాబేలు చెలమ గట్టు ఎక్కడం మొదలుపెట్టింది. ఇసుక జారి రెండుసార్లు వెనక్కి పడింది. మూడోసారి పడినప్పుడు ఎద్దు కదిలింది. అలవాటు కొద్దీ చెలమ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి నక్క ముందు ఆగింది.

"నీ లెక్క నాకు నచ్చింది అల్లుడూ," అంది. "ఒకరు పోవాలి, పద్నాలుగు మంది ఉండాలి. అంతేనా?"

"అంతే మామా."

"ఆ ఒకరు ఫలానావాళ్లని సిద్ధాంతం చెప్పిందా?"

"సిద్ధాంతానికి పేర్లతో పనిలేదు. దాని గొప్పదనమే అది."

"మంచిది. అయితే పేర్లు లేకుండానే చేద్దాం." ఎద్దు మెడ వంచింది. దాని మెడలో గానుగ నాటి గంతలు ఇంకా వేలాడుతున్నాయి. "ఎలుగూ, వీటిని నా కళ్ల మీదకు లాగు. పదిహేను మందీ చెలమ చుట్టూ వరసగా నిలబడండి. నేనూ అందులో ఒకణ్ణే. గంతలతో తిరుగుతాను. పన్నెండేళ్లు అదే పని. నా కాలు ఎక్కడ ఆగితే అక్కడున్నవాళ్లు కొండ అవతలకు పోతారు. నా చోటు దగ్గరే ఆగితే నేనే పోతాను. ఒకరు పోతారు, పద్నాలుగు మంది మిగులుతారు. లెక్క తప్పదు."

ఎలుగు గంతలు లాగింది. దుప్పులు నిలబడ్డాయి. తాబేలు ఉన్నచోటే ఉంది. కుందేలు పిల్లల్ని ఒక్కొక్కటిగా వరసలో పెట్టింది. మొదటిది, రెండోది, మూడోది. నాలుగోదాన్ని నోట కరుచుకుని నడుస్తూ ఆగిపోయింది.

దాన్ని కిందకు దించి, "నా మాట వెనక్కి తీసుకుంటున్నాను," అంది.

"ఇదేమిటి చెల్లీ?" అంది నక్క. "నీ పిల్లల కోసమే కదా ఇదంతా."

"ఎద్దు మామ కాలు దీని ముందు ఆగితే నేను ఒప్పుకోను. పద్నాలుగు మంది కాదు, అడవంతా బతుకుతుందన్నా ఒప్పుకోను. నేను ఒప్పుకోనిదాన్ని అవ్వ ఎందుకు ఒప్పుకోవాలి?"



"నువ్వు ఇంకా నిలబడలేదే అల్లుడూ," అంది ఎద్దు గంతల వెనక నుంచి. "అడుగుల చప్పుడు వినబడలేదు."

"నేను..." నక్క గొంతు సవరించుకుంది. "మామా, గుడ్డిగా ఎంచుకోవడం న్యాయం కాదు. ఎవరి వల్ల ఎంత ఉపయోగమో చూడాలి. ఆలోచన చెప్పేవాణ్ణే పోగొట్టుకుంటే మిగతావాళ్లకు దారి చూపేదెవరు?"

"అంటే సిద్ధాంతానికి పేర్లున్నాయి. ఒక పేరు పోవడానికి, ఒక పేరు ఉండడానికి." ఎద్దు తల విదిలించి గంతలు జార్చుకుంది. "అది సిద్ధాంతం చెప్పింది కాదు, నువ్వు చెప్పింది. నిన్నటి వరస నీదే, ఈ రోజుదీ నీదే. చెప్పినవాళ్లు చివర తాగాలి."

నక్క అటూ ఇటూ చూసింది. ఒక్క దుప్పీ దాని వైపు చూడలేదు.

"అదంతా సరే మామా," అంది దుప్పుల పెద్ద. "నీళ్లు మాత్రం ఇప్పటికీ చాలవు. నక్క చెప్పినదాంట్లో అది అబద్ధం కాదు."

"కాదు," అంది ఎద్దు. "నీళ్లు చాలవు. అవ్వకు ఐదు రోజుల దారి మనకు పూట నడక. కాళ్లున్న మనం రోజూ మడుగుకు పోయి తాగొద్దాం. ఈ చెలమ నడవలేనివాళ్లకు వదిలేద్దాం."

"ఆ దారిలో చిరుత ఉంటుంది."

"ఉంటుంది. అందుకే మనకు ఆ దారి తట్టలేదు. అవ్వను పంపడానికైతే వెంటనే తట్టింది."

దుప్పుల పెద్ద చాలాసేపు ఇసుకను గిట్టతో గీసింది. "గుంపుగా పోదాం," అంది చివరికి. "ముందు నేను నడుస్తాను."

ఆ సాయంత్రానికి ఉన్న నీళ్లు తలా ఐదు గుక్కలు తాగారు. కుందేలు నాలుగో పిల్ల రెండుసార్లు తాగింది, ఎవరూ లెక్కపెట్టలేదు. నక్క వంతు వచ్చేసరికి చెలమలో తడి ఇసుక ఉంది. అది వంగి నాకింది. నాలుకకు గరుకు తగిలింది.

తాబేలు దాన్ని కాసేపు చూసి, కూర్చున్నచోటు నుంచి మెల్లగా పక్కకు జరిగింది. దాని ఒంటి బరువుకు పడ్డ గుంటలో దోసెడు నీళ్లు మెరిశాయి.

"తాగు నాయనా," అంది. "నువ్వూ ఆ పదిహేనులో ఒకడివే. నువ్వే మరిచిపోయావు."

నక్క తల ఎత్తకుండా తాగింది. మర్నాడు దుప్పులు బయలుదేరినప్పుడు గుంపు చివర, నోరు మూసుకుని నడిచింది.

ఎవరు నష్టపోవాలో తేల్చే లెక్కలో తన పేరు వేసుకోనివాడు చెప్పేది ధర్మం కాదు, దాహం.