బొంతలవలస ఆఫీసులో ఊపిరి వంతులు

బొంతలవలస జీడిపప్పు సంఘం ఆఫీసులో ఉన్నంత తెలివి మూడు జిల్లాలు జల్లెడ పట్టినా దొరకదు. ఈ మాట అన్నది ఊళ్ళోవాళ్ళు కాదు, ఆ ఆఫీసువాళ్ళే. హెడ్‌క్లర్కు తవిటినాయుడి బుర్ర ఎంత బరువంటే, ఆలోచించడానికి ఆయన తల వంచితే మళ్ళీ ఎత్తడానికి అటెండరు అసిరయ్య సాయం పట్టాల్సి వచ్చేది.

అంతటి మేధావికి కష్టమొచ్చింది. మీ బిల్డింగు కరెంటు తాగేస్తోంది, లోపల గాలి ముక్కిపోయింది, బాగుచేసుకోండి, లేకపోతే మిమ్మల్ని చిలకపేట ఆఫీసులో కలిపేస్తాం అని పైనుంచి కబురు. చిలకపేట మేనేజరు ఎవరు? సాక్షాత్తూ తవిటినాయుడి బావమరిది గంగునాయుడు. తన పెళ్ళినాడు ముక్కు చీదుకుంటూ తిరిగిన కుర్రాడి ముందు ఇప్పుడు చేతులు కట్టుకు నిలబడాలా? ఆ రాత్రి నుంచి నాయుడికి అన్నం సయించలేదు.

ఇంజనీరమ్మ మృణాళిని వచ్చి అంతా చూసింది.

"నాయుడుగారూ, ఏసీ చల్లదనం సందుల్లోంచి పోతోంది, మూయించండి. మనిషి లేని గదిలో లైటు వెలగకూడదు. కొత్త గాలి తెచ్చే ఫ్యాన్లు సోమవారం బిగిద్దాం" అంది. గోడకి అరచేతిలో పట్టేంత మీటరు తగిలించింది. "మనం వదిలే ఊపిరికే లోపలి గాలి పాడవుతుంది. ఈ అంకె వెయ్యి దాటకుండా చూసుకోండి."

అంతే. ఆవిడ జీపు మలుపు తిరగ్గానే పని మొదలు.

"రికార్డు గదిలో లైటు వెలుగుతోందండి, మనిషి లేడు" అన్నాడు అసిరయ్య.

"అయితే మనిషిని పెట్టు."

ఇంకేముంది, బల్బుకో గుమాస్తాని కూర్చోబెట్టారు. గుమాస్తాలు చాలక బాత్రూము బల్బు కింద టీకొట్టు సన్నాసిని పెట్టారు. జీడిపిక్కల రైతులు కౌంటరు దగ్గర నిలబడి కేకలేస్తుంటే, "మావాళ్ళంతా లైట్ల కింద ఉన్నారు, తర్వాత రండి" అని నాయుడు పంపించేశాడు.

తర్వాత సందులు. పగుళ్ళు, కిటికీ రెక్కల అంచులు, గోడ పైన గాలికోసం వదిలిన కంతలు, అన్నిటికీ సిమెంటు మెత్తారు. తలుపు తాళం కన్నంలో మైనం కుక్కారు. చీమ లోపలికి రావాలన్నా నాయుడు తలుపు తీయాల్సిందే.

మీటరు రెండువేలు చూపించింది.

"ఎవరు ఊపిరి వదుల్తున్నారిక్కడ?" అన్నాడు నాయుడు.

"అందరం తలా కాస్త వదుల్తున్నామండీ" అంది టైపిస్టు దమయంతి.

"అదే దుబారా. ఇకనుంచి వంతులు."

అంతే, గంట కొడితే ఒక వరస పీల్చాలి, మళ్ళీ కొడితే ఇంకో వరస. గంట కొట్టే అసిరయ్య ఏ వరసలోనూ లేడు పాపం, నేరేడుపండులా నల్లబడ్డాడు.

"సార్, నా వంతు భోజనాల తర్వాత పడింది. అందాకా ఎలా?" అంది దమయంతి.

"సెలవు పెట్టు."

సోమవారం వచ్చేసింది. అంకె దిగలేదు. నాయుడి కళ్ళముందు గంగునాయుడి నవ్వే కనబడుతోంది. దమయంతి మీటరుని జాలిగా చూసి, "దానికే లోపల ఊపిరాడ్డం లేదేమో సార్" అంది.

ఎంత మాటందో చూడండి. వెంటనే మీటరు తీసుకెళ్ళి పెరట్లో జీడిమామిడి కొమ్మకి కట్టారు. అంకె గబగబా నాలుగువందలకి దిగింది. అందరూ లోపలికొచ్చి తలుపు బిగించుకుని, వంతులు మానేసి, పండగలా ఊపిరి పీల్చుకున్నారు.

కాసేపటికి, "తల తిరుగుతోందండి" అన్నాడు అసిరయ్య.

"కిటికీ అద్దంలోంచి అంకె చూడు."

"నాలుగొందలేనండి."

"అయితే నీ తల తిరగట్లేదు. కూర్చో."

ఇంజనీరమ్మ వచ్చి తలుపు లాగేసరికి ఆఫీసు మొత్తం ధాన్యం బస్తాల్లా ఆవిడ కాళ్ళమీద దొర్లింది. అందరినీ ఆరుబయటికి ఈడ్పించి, మొహాన నీళ్ళు కొట్టించి, "మీటరేదీ?" అంది.

"చెట్టుమీద హాయిగా ఉందమ్మా" అన్నాడు నాయుడు, నేలమీంచే.

ఆవిడ చెట్టుదాకా వెళ్ళి అంకె చూసొచ్చింది. "మంచిగాలి ఆ చెట్టు దగ్గరుంది నాయుడుగారూ, మీ ఆఫీసులో లేదు" అని జీపెక్కింది. మర్నాటికల్లా చిలకపేటలో కలిపేస్తూ ఉత్తర్వు వచ్చేసింది.

నాయుడు ఏడ్చాడనుకున్నారా? తల వంచాడు, ఆలోచించాడు, అసిరయ్య ఎత్తాడు.

సాయంత్రానికి చిలకపేట ఆఫీసు ముందు లారీ ఆగింది. దానిమీద మొదలంటా నరికిన జీడిమామిడి చెట్టు, కొమ్మకి మీటరు, చుట్టూ తాళ్ళు పట్టుకుని బొంతలవలస సిబ్బంది.

"ఇదేంటి బావా?" అన్నాడు గంగునాయుడు.

తవిటినాయుడు మీసం దువ్వుకుంటూ దిగాడు. "నీ కింద పనిచేయడానికి ఒట్టి చేతుల్తో వస్తాననుకున్నావా? మా ఊరి మంచిగాలి తెచ్చాను. నెమ్మదిగా దింపించు, ఒలికిపోతుంది."