పరదేశయ్య గురువుగారి బెల్లం పెనం

నమ్మనివాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్లిపోండి. మధ్యలో లేచి అంత పెనం ఎక్కడుందండీ అంటే మాత్రం ఊరుకునేది లేదు. అనకాపల్లి అవతల, శారదా నది ఒడ్డున పరదేశయ్య గురువుగారి మఠంలో ఉన్న బెల్లం పెనంలో జోడెద్దుల బండిని తిప్పుకుని రావచ్చు. ఆయన వండే పాకం వాసనకి నది అవతలి చీమలు ఈత నేర్చుకున్నాయి.

విశాఖపట్నంలో వ్యాపారశాస్త్రం చదివిన జోగారావు ఆ మఠానికి ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఆ ఆదివారం మాత్రం ఒకచోట కూర్చోలేకపోయాడు. గడపలో నిలబడతాడు, చెరకు మోపుల దాకా నడుస్తాడు, మళ్లీ వస్తాడు. అతని గుండె చప్పుడుకి మఠం మీద పెంకులు కదిలాయి.

సంగతేమిటంటే, కలిసి ఏదో ఒక వ్యాపారం పెడదామని అతనూ, సింహాద్రి అనే స్నేహితుడూ చేతిలో చెయ్యి వేసుకున్నారు. ఏ వ్యాపారమో తేల్చే పని జోగారావుది. పద్నాలుగు నెలలు తేల్చాడు. ఇంతలో సింహాద్రికి సూరత్‌లో ఉద్యోగం వచ్చింది. పొద్దుగూకేలోగా ఏదో ఒకటి చెప్పు, లేదంటే ఇవాళ్టి రైలుబండికే వెళ్లిపోతాను అన్నాడు. పుస్తకాల తెలివి జోగారావుది, నలుగురితో మాట కలిపే నేర్పు సింహాద్రిది. వాడు బండెక్కాడంటే ఇక్కడ వ్యాపారం లేదు.

గురువుగారి ముందు జోగారావు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. వీధి చివర చిన్న దుకాణమైతే కడుపు నిండుతుంది గాని ఎదుగూ బొదుగూ ఉండదు. పరాయి పెట్టుబడితో స్టార్టప్ పెడితే గుర్రంలా పరుగెడుతుంది, కళ్లెం మాత్రం డబ్బు పెట్టినవాడి చేతిలో ఉంటుంది. ఎవరూ చూడని కొత్త వస్తువు చేస్తే, అది కావాలని జనానికి తెలిసేసరికి మనకి పళ్లూడిపోతాయి. పక్కవాడిది చూసి చేస్తే పని సులువే, తెల్లారి లేస్తే పక్కవాడితోనే పోటీ. ఊరి బాగు కోసం చేసే వ్యాపారమైతే అందరూ దండం పెడతారు, ఒక్కడూ కొనడు. ఇన్నిటిలో ఏది మేలో ఒక్క మాట చెప్పమన్నాడు.

గురువుగారు పాకం చుక్క చన్నీళ్లలో వేసి వేళ్లతో నలిపారు. ఉండ కట్టింది. నలుగురు శిష్యులు వాసాలు దూర్చి పెనాన్ని పొయ్యి మీంచి దించారు. నలుగురన్నది మర్యాదకి, ఆయన చిటికెన వేలితో దించగలరు.

"జోగయ్యా, ఈ వేళ పాకం నీది. దేంట్లో పోయాలో నువ్వే చెప్పు."

అరుగు మీద చిన్న చెక్క అచ్చులున్నాయి, మట్టి కుండలున్నాయి, పెద్ద దిమ్మలకి రేకు డబ్బాలున్నాయి, పొడి చేసే తొట్టి ఉంది. అచ్చుబెల్లం ఎవరు కొంటారని అడిగాడు జోగారావు. రోజూ వంటింట్లో కావలసినవాళ్లు, ఇవాళ పోస్తే రేపే చెల్లిపోతుంది అన్నారు గురువుగారు. మరి దిమ్మలు? దూరపు వర్తకులు లారీలకి ఎత్తుకుంటారు, ధర వాళ్లు చెప్పిందే. కుండ బెల్లం? వానాకాలం దాటి నిలుస్తుంది, కుండ పగిలితే ఏదీ మిగలదు. పొడి? మనవైపు ఇంకా అలవాటు పడలేదు, పడ్డారంటే రాజ్యం నీదే.

జోగారావు మళ్లీ మొదటికి వచ్చాడు. ఎండకి ఏది కరుగుతుంది, చీమ దేనికి ముందు పడుతుంది, పెళ్లిళ్లకి ఏది అడుగుతారు. గురువుగారు విసుక్కోకుండా, ఒక్క ప్రశ్న వదలకుండా పూసగుచ్చినట్టు చెప్పారు. శిష్యులు గరిటెలు పట్టుకుని కాలు మార్చి కాలు మీద నిలబడ్డారు. ఒకడు ఏదో అనబోతే ఆయన కంటితోనే ఆపారు.

చివరికి జోగారావు మొహం విప్పారింది. అచ్చుల్లో పోద్దామన్నాడు.

పోయమన్నారు.

గరిటె దిగలేదు. పాకం పెనానికి పట్టి రాయైపోయింది. జోగారావు గునపం తెచ్చి కొట్టాడు. మొదటి దెబ్బకి గునపం వంగింది, రెండో దెబ్బకి కొండ మీది కోతులు పక్క జిల్లాకి వలసపోయాయి. బెల్లం మీద గీత పడలేదు.

"నేను అడగకూడనివి అడిగానా, గురువుగారూ?"

"అన్నీ మంచి ప్రశ్నలే, నాయనా. పాకమే వినలేదు."

జోగారావు గునపం కింద పెట్టాడు. పొద్దు తాటిచెట్ల మీదికి దిగింది. ఫోను తీసి సింహాద్రికి కలిపాడు. పెట్టె సర్దకు, రేపు పొద్దున్నే వచ్చి చెబుతాను అనబోయి, రేపు అన్న మాట దగ్గర ఆగిపోయాడు. పెనం వైపు ఒకసారి చూశాడు. నిలుచున్న చోటే, ఒక్క మాటలో వ్యాపారం పేరు చెప్పేశాడు. అవతల సింహాద్రి నవ్విన నవ్వు, ఫోను లేకపోయినా ఇవతలికి వినిపించేది.

ఏ వ్యాపారమో నేను చెబితే కల్పించానంటారు. మఠం పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే మనిషి, ఆ మాట చెవులారా విన్నది, ఇప్పటికీ ఉంది. వెళ్లి అడగండి, కాండ్రేగుల నూకాలమ్మ.