కట్ట కింద విందు

ఒకానొక రాజ్యంలో వానకంటే ముందు పొగడ్త కురిసేది. ఆ రాజ్యాన్ని ఏలే ఉద్దండరాయలికి తన పేరంటే అంత మోజు. ప్రతి చెరువు కట్ట మీదా 'ఇది రాయలవారి చలవ' అని చెక్కించిన రాయి ఒకటి పాతించుకున్నాడు.

ఆ ఏడు వానలకు పడమటి చెరువు తెగింది. కట్ట కింది పేటలో ముప్పై ఒక్కమంది కొట్టుకుపోయారు. ఆ కట్ట కట్టించిన మహామంత్రి కొమ్మయ పన్నెండేళ్ల పదవి ముగించుకుని, సరిగ్గా అదే నెలలో కాశీ ప్రయాణానికి మూటలు కట్టుకుంటున్నాడు.

"కట్టలో ఏ లోపమూ లేదు ప్రభూ! తూము చూసే నీరుగంటి బాలప్ప నిద్రపోయాడు. వాడు మెలకువగా ఉంటే కట్ట తెగేదే కాదు" అన్నాడు కొమ్మయ.

సభ తలూపింది. రాయలు మీసం దువ్వి తీర్పు చెప్పేశాడు. మంత్రికి వీడ్కోలు విందు. విందు ముగియగానే బాలప్పకు మరణశిక్ష.

తలూపనివాడు ఒక్కడే, విదూషకుడు కూచన. అతను నేరుగా చెరసాలకు వెళ్లాడు.

"నేను నిద్దరపోలే సామీ" అన్నాడు బాలప్ప. "కట్ట ఊరతా ఉండాదని మంత్రిగారి వాకిట్లో మూడుసార్లు మొత్తుకుంటి. తరిమేసినారు. తూము నేనే ఎత్తినా. నా ఆడబిడ్డలిద్దరూ ఆ నీళ్లలోనే పోయినారు. నన్ను చంపితే చంపనీ, నిద్దరపోయినానని మాత్రం అనిపించొద్దు సామీ."

నలుగురినీ నవ్వించి బతికే కూచనకు దుఃఖం వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది.

ఆ రాజ్యంలో ఒక పాత ఆచారం ఉంది. దిగిపోయే మంత్రికి విందు ఎక్కడ పెట్టాలో విదూషకుడే చెప్పాలి. ఎప్పుడో ఏ రాజో సరదాకు ఇచ్చిన హక్కు అది. మంత్రి మొదటి ముద్ద తింటేగాని రాజు విస్తరి ముట్టకూడదు. కూచన సభకు వచ్చి చేతులు జోడించాడు.

"ప్రభూ, తూర్పు చెరువు కట్ట కింద పెడదాం. అదీ మంత్రిగారు పడమటి కట్ట కట్టించిన ఏడే, ఆ పనివాళ్లతోనే కట్టించింది. పైన తమ పేరున్న రాయి, కింద తమ విస్తరి!"

"భేష్! మా కట్టలు కొండలయ్యా కొండలు!" అన్నాడు రాయలు. కొమ్మయ మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

విందు నాడు చెరువు అంచులదాకా నిండి ఉంది. మిట్టమధ్యాహ్నం కట్ట కింద పందిరిలో విస్తళ్లు వేశారు. రాయలు కూర్చున్నాడు, పక్కనే కూచనా కూర్చున్నాడు. కొమ్మయ నిలబడే ఉన్నాడు. అతని విస్తరి కింద నేల తడిసి మెరుస్తోంది.

"కూర్చోవయ్యా! మాకు ఆకలవుతోంది" అన్నాడు రాయలు.

"ఒంట్లో బాగాలేదు ప్రభూ. మరెక్కడైనా..."

"మంత్రిగారూ, బెంగెందుకు?" అన్నాడు కూచన. "కట్టలో లోపం లేదని తమరే అన్నారు. నీరుగంటి నిద్రపోతేనే కదా కట్ట తెగేది! పైకి చూడండి. బాలప్పను సంకెళ్లతోనే కట్ట మీద నిలబెట్టించాను. కళ్లు తెరుచుకునే ఉన్నాడు."

ఎవరూ నవ్వలేదు. కట్టలోంచి సన్నటి ధార ఒకటి దారి చేసుకుని వచ్చి రాయల విస్తరిని తాకింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కొమ్మయ ఎవరూ అడగకుండానే అరిచేశాడు.

"లేవండి ప్రభూ! ఈ కట్టలోనూ రాయి లేదు, ఒట్టి మట్టి!"

"రాళ్లేమయ్యాయి?" అన్నాడు రాయలు.

"తమ సింహద్వారానికే తోలించాను. కంటికి కనబడని చోట రాయి దండగని తమరే సెలవిచ్చారు కదా!"

రాయలు దిగ్గున లేచి పక్కనున్న మెరక మీదికి చేరాడు. కాసేపటికి నవ్వాడు. రాజు నవ్వితే సభంతా నవ్వడం అక్కడి మర్యాద. ఆ రోజు ఆయన ఒక్కడే నవ్వాడు, మధ్యలోనే ఆపేశాడు.

"గెలిచావు కూచనా. ఏం కావాలో కోరుకో."

"తూములన్నీ ఎత్తించి చెరువు దించండి. బాలప్ప సంకెళ్లు తీయించండి. సింహద్వారం విప్పి ఆ రాళ్లు కట్టలకు చేర్పించండి. చివరి రాయి పడేదాకా మంత్రిగారి కాశీ ఆగాలి. పడమటి కట్ట మీద తమ పేరున్న రాయి తీసేసి, పోయినవాళ్ల పేర్లు చెక్కించండి."

రాయలు కట్ట మీదున్న తన పేరు రాయి వైపు చూశాడు. చివరికి తలూపి, మెడలోని ముత్యాల హారం తీసి కూచన చేతిలో పెట్టాడు. కూచన దాన్ని తీసుకుని కట్టెక్కి, సంకెళ్లు తీయించి, బాలప్పకు ఇవ్వబోయాడు. దిగిపోయే మంత్రులకు అక్కడ నేటికీ కట్ట కిందే విందంటారు. ఆ హారం ఏమైందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ రోజు బాలప్ప ఆ హారాన్ని చేత్తో కూడా తాకలేదు.

"నాకెందుకు సామీ? మా ఇంట్లో ఏసుకునే బిడ్డలు లేరు" అని తూము వైపు నడిచాడు.