పసుపు గీతల మధ్య దారి

ఉదయం ఏడు గంటలు. ముసురు పట్టి ఉంది. గోదావరి ఏటిగట్టు పక్కన, వరద బాధితుల కోసం ఒక సేవాసంస్థ తెరిచిన గోడౌన్‌ను చూసుకునే భూలక్ష్మికి, జానెడు ఖాళీ కనిపిస్తే అందులో ఏదో ఒకటి కుక్కందే నిద్రపట్టేది కాదు.

ఇంట్లోనూ అంతే. రెండు డబ్బాల మధ్య మూడోది దూర్చేది. పప్పు కావాలంటే అలమారంతా కింద పెట్టాలి. "మా అమ్మ వంటింట్లోకి గాలి కూడా అడిగి రావాలి" అని కూతురు సునంద నవ్వేది. సునంద ఆ ఊళ్లోనే నర్సు.

గోడౌన్ తెరిచిన రోజున సంస్థ ఆఫీసరు ఇమ్మానియేలు నేల మీద పసుపు గీతలు గీయించాడు.

"భూలక్ష్మిగారూ, ఈ గీతల మధ్య మనిషి నడవాలి, బస్తా పడకూడదు. ముందు కావలసినవి తలుపు దగ్గరే ఉండాలి. లైఫ్ జాకెట్లు మాత్రం ఇక్కణ్ణుంచి కదపకండి" అన్నాడు.

"అలాగేనండీ" అంది భూలక్ష్మి.

ఈ ఉదయం వానలో రెండు లారీల బియ్యం వచ్చాయి. వరండా ఖాళీగానే ఉంది. కప్పడానికి టార్పాలిన్లూ ఉన్నాయి.

"వరండాలో దించుదామా అక్కా?" అన్నాడు హమాలీ అప్పన్న.

"లోపల ఇంత చోటు పెట్టుకుని బయట దించుతారా ఎవరైనా?"

"అది చోటు కాదక్కా, దారి. గీత దాటేస్తాం."

"గీత కడుపు నింపుతుందేంట్రా? బియ్యం నింపుతాయి. వెయ్యి."

జాకెట్లు తేలిగ్గా ఉన్నాయి కదా అని వాటిని వెనక గోడ దగ్గరికి చేర్పించింది. వాటి ముందు బస్తా మీద బస్తా లేచింది. సాయంత్రానికి పసుపు గీత ఒక్కటీ కనిపించలేదు.

"ఇంక ఇందులో చీమైనా పక్కకి తిరిగి నడవాలి" అన్నాడు అప్పన్న.

"నడవనీ. ఒళ్లు తగ్గుతుంది" అని నవ్వింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

తెల్లారేసరికి రెండో ప్రమాద హెచ్చరిక వచ్చింది. ఏటి మధ్యనున్న ఎదుటి లంకలో ఒక కుటుంబం చిక్కుకుపోయింది. నెలలు నిండిన వీరవేణి, ఆమె భర్త, అత్తమామలు. పడవ నడిపే పోలయ్య గోడౌన్‌కు పరుగెత్తుకొచ్చాడు. వెనకే మందుల సంచితో సునంద.

"అక్కా, ఆరు జాకెట్లు. బేగి!"

భూలక్ష్మి తలుపు తీసింది. ఎదురుగా బస్తాల గోడ. అడుగు మోపే సందు లేదు.

"ఎక్కడున్నాయి?" అన్నాడు పోలయ్య.

ఆమె చెయ్యెత్తి వెనక గోడ వైపు చూపించింది.

హమాలీలు బస్తాలు లాగడం మొదలుపెట్టారు. ఒకటి తీస్తే దాని వెనక ఇంకొకటి. ఏటి హోరు లోపలిదాకా వినిపిస్తోంది. పోలయ్య గట్టు మీదికి వెళ్లి నీళ్లు చూసి వచ్చాడు.

"ఇంకాసేపు ఆగితే పడవ నిలవదు. వెళ్లిపోవాలి" అన్నాడు.

"సునందా, ఒక్క నిమిషం ఆగవే! తీస్తున్నారుగా!"

"అక్కడ ఆ పిల్లకి నొప్పులు మొదలయ్యాయట అమ్మా. ఎలా ఆగను?"

పడవ వెళ్లిపోయింది. భూలక్ష్మి కొంగు బిగించి తనూ బస్తాలు లాగింది. జాకెట్లు బయటపడేసరికి పడవ లంక ఒడ్డుకు చేరిపోయింది. ఒక జాకెట్టును చంటిపిల్లలా గుండెకు హత్తుకుని ఆమె గట్టు మీద నిలబడింది.

లంకలోవాళ్లను ఎక్కించుకుని వచ్చేటప్పుడు, కొట్టుకొస్తున్న చెట్టు ఒకటి పడవకు తగిలింది. పడవ ఒరిగింది. గెడకర్రతో పడవ నడుపుతున్న పోలయ్య నీళ్లలో పడ్డాడు. తల ఒకసారి పైకి తేలింది. మళ్లీ కనిపించలేదు.

వీరవేణి భర్త గెడ అందుకున్నాడు. గట్టు మీదివాళ్లు తాడు విసిరి పడవను ఒడ్డుకు లాగారు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు. లెక్కపెడుతున్న భూలక్ష్మి వేళ్లు అక్కడ ఆగిపోయాయి. సునంద వీరవేణిని ఆసుపత్రి బండి ఎక్కించింది. అప్పన్న ఒళ్లంతా జాకెట్లు తగిలించుకుని, మరో పడవలో పోలయ్యను వెతకడానికి వెళ్లాడు.

పోలయ్య భార్య సూరమ్మ వచ్చి గట్టు మీద కూలబడింది. ఏటి వైపే చూస్తోంది. ఆమె ముఖం చూడలేక భూలక్ష్మి గోడౌన్‌లోకి వెళ్లింది.

"బస్తాలన్నీ వరండాలోకి చేర్చండి. గీతలు కనిపించాలి" అంది.

ఆమె చేతులు ఆగలేదు. చెవులు మాత్రం గట్టు మీదే ఉన్నాయి. ఒక గీత బయటపడింది. తర్వాత రెండోది. తలుపు నుంచి వెనక గోడదాకా దారి తేలింది. గట్టు వైపు నుంచి ఇంకా ఏ అలికిడీ లేదు. తీసిన దారిలోనే ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది.

మధ్యాహ్నం దాటాక అప్పన్న కేక వినిపించింది. మునిగిన కొబ్బరిచెట్టు మొవ్వు పట్టుకుని వేలాడుతున్న పోలయ్యను తీసుకొచ్చాడు. పోలయ్య కుడి చెయ్యి విరిగి వేలాడుతోంది. ఆ ఏడాది ఇంక గెడ పట్టలేడు.

"అక్కా, నన్నూ లెక్కలో వేసుకో" అన్నాడు వణుకుతూ.

ఆ మాటకు సూరమ్మ బావురుమంది. భూలక్ష్మి తన దగ్గరున్న జాకెట్టును అతని భుజాల మీద కప్పింది. వీరవేణి, ఆమె భర్త, అత్త, మామ. సునంద. పోలయ్య. ఆరుగురు. నమ్మకం చాలక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఆరుగురే.

నీతి: ఆపదలో చేతికందని సరుకు, ఎంత ఉన్నా లేనట్టే; దాచేటప్పుడే తీసే దారి ఉంచుకోవాలి.