కార్నర్ కిక్ ఎవరిది?

గుంతకల్లులో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌గా ఓబులేసు అనే మహా మొహమాటస్తుడు ఉండేవాడు. ఆటలో ఆయనకు తెలియని కిటుకు లేదు. ఎదుటి మనిషి ముఖం చూసి "కాదు" అనడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. చక్కెర వద్దన్నా టీ కొట్టువాడు పాకంలాంటి టీ ఇస్తే, "బాగుంది లేప్పా" అని గుటకలు మింగేవాడు.

ఆయన దగ్గర ఇద్దరు అసిస్టెంట్ కోచ్‌లు ఉండేవారు. ఒకడు సుంకన్న, ఓబులేసుతో చిన్నప్పటి నుంచీ కలిసి ఆడినవాడు. రెండోవాడు మహబూబ్ బాషా, కుర్రవాడు, కోచింగ్ కోర్సు చదివి కొత్తగా వచ్చాడు. ఇద్దరినీ సంతోషపెట్టాలని ఓబులేసు పెద్ద పెద్ద హోదాలు ఇచ్చాడు. సుంకన్న డిఫెన్స్ చీఫ్ కోచ్. బాషా కార్నర్ కిక్కుల చీఫ్ కోచ్. ఆ పేర్లు చొక్కాల వీపు మీద అచ్చు కూడా వేయించాడు. ఆ చొక్కాలు తొడుక్కుని ఇద్దరూ బజారంతా ఒక చుట్టు చుట్టి వచ్చారు.

చిక్కు ఆ తర్వాతే వచ్చింది. ఎదుటి జట్టు మన గోల్ పక్కన మూలలో బంతి పెట్టి కార్నర్ కిక్ కొడుతుంది. దాన్ని ఆపడం డిఫెన్స్ కోచ్ పనా, కార్నర్ కోచ్ పనా?

సుంకన్న వచ్చి, "గోల్ కాపాడడమే కదరా డిఫెన్స్ అంటే. అది నాదే కదా?" అని అడిగాడు.

"నీదే లేరా," అన్నాడు ఓబులేసు.

మర్నాడు బాషా వచ్చి, "కార్నర్ అని నా వీపు మీదే రాసి ఉంది కదా సార్. అది నాదే కదా?" అన్నాడు.

"నీదే లేప్పా."

ఇంకేముంది! సోమ, బుధవారాల్లో బాషా, "ఎవరి చోటు వాళ్లు కాయండి, కదలొద్దు" అని నేర్పేవాడు. మంగళ, గురువారాల్లో సుంకన్న, "చోటుతో ఏం పని? తలా ఒక మనిషిని పట్టుకుని నీడలా వెంటపడండి" అనేవాడు. పిల్లలకు తల తిరిగిపోయింది. కెప్టెన్ నాగవేణి ధైర్యం చేసి హెడ్ కోచ్‌నే అడిగింది.

"రెండూ మంచివే తల్లీ," అని ఆయన నీళ్లు నమిలాడు.

జిల్లా లీగ్‌లో ఆఖరి మ్యాచ్ వచ్చింది. డ్రా అయినా చాలు, రాష్ట్ర పోటీలకు వెళతారు. ఓడితే మాత్రం జట్టే ఉండదు. "ఈసారీ ఖాళీ చేతులతో వస్తే అమ్మాయిల జట్టును ఎత్తేస్తాం" అని క్లబ్ ప్రెసిడెంట్ తెగేసి చెప్పాడు. తొమ్మిదేళ్లుగా కంటికి రెప్పలా చూసుకున్న జట్టు అది. ఆ మాట విన్నప్పటి నుంచీ ఓబులేసుకు ముద్ద దిగడం లేదు.

పదో నిమిషంలో ఎదుటి జట్టుకు కార్నర్ వచ్చింది. "చోటు కాయండి!" అని బాషా అరిచాడు. "మనిషిని పట్టండి!" అని సుంకన్న అరిచాడు. సగం మంది పాతిన గుంజల్లా నిలబడ్డారు. మిగతా సగం పరిగెత్తి వాళ్లనే గుద్దుకున్నారు. ఆ గందరగోళంలో ఎదుటి జట్టు పిల్ల ఒకతి తాపీగా తల ఆనించి గోల్ కొట్టింది. ముప్పయ్యో నిమిషంలో ఇంకో కార్నర్, ఇంకో గోల్!

విరామంలో కోచ్‌లిద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. "డిఫెన్స్ నాది!" అని ఒకరు, "కార్నర్ నాది!" అని ఒకరు. నాగవేణి కళ్లు తుడుచుకుని ఓబులేసు ముందుకొచ్చింది.

"సార్, కార్నర్ వస్తే మేం ఎవరి మాట వినాలి? అదొక్కటి చెప్పండి, చాలు."

ఓబులేసు "ఇద్దరిదీ..." అనబోయాడు. పిల్లల ముఖాలు చూసి ఆ మాట మింగేశాడు. పక్కన సుంకన్న ఉన్నాడు, నలభై ఏళ్ల స్నేహితుడు. అతని కళ్లలోకి చూడాలంటే భయమేసింది. అయినా చూశాడు.

"సుంకన్నా, కార్నర్ బాషాది. ఇద్దరికీ నీదే నీదే అని చెప్పింది నేను, తప్పు నాది. ఆట నడుస్తున్నంతసేపూ డిఫెన్స్ నీది. కార్నర్ వస్తే మాత్రం నువ్వు నోరెత్తకూడదు."

సుంకన్న ముఖం మాడిపోయింది. "ఈ ముక్క మూడు నెలల కిందటే చెప్పుంటే నీ సొమ్మేం పోయేదిరా? నా మంగళవారాలన్నీ మంటగలిపావు!" అన్నాడు. ఏడుస్తున్న పిల్లలు పక్కున నవ్వారు.

రెండో సగంలో సుంకన్న డిఫెన్స్ ఈగను కూడా లోపలికి రానివ్వలేదు. మన పిల్లలు ఒకటి కొట్టారు, తర్వాత ఇంకొకటి. స్కోరు సమానమైంది. సరిగ్గా ఆఖరి నిమిషంలో ఎదుటి జట్టుకు మళ్లీ కార్నర్!

అలవాటు ఊరికే పోతుందా? సుంకన్న అరవకుండా ఉండడానికి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఓబులేసు ఉండబట్టలేక లేచి, "అమ్మాయిలూ, చూసుకోండి..." అని మొదలుపెట్టాడు.

"సార్! కార్నర్ నాది!" అన్నాడు బాషా, వెనక్కి తిరగకుండానే.

హెడ్ కోచ్ నోరు మూసుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

మైదానంలో ఒక్క గొంతే వినిపించింది. "చోటు కాయండి!" ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు. బంతి వచ్చి వచ్చి నాగవేణి ఉన్న చోటికే వచ్చింది. ఆమె ఎగిరి, తలతో దాన్ని పక్క గీత బయటికి పంపింది. ఆట డ్రాగా ముగిసిందని విజిల్ మోగింది. సుంకన్న తువ్వాలు విసిరేసి, పరుగున వెళ్లి బాషాను భుజానికెత్తుకున్నాడు. ఓబులేసు అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మొహమాటానికి పోయి ఒకే పని ఇద్దరికి అప్పగిస్తే ఆ పని ఇద్దరి చేతుల్లోనూ చెడుతుంది. ఎవరి పని ఏదో ముందే, ముఖం మీదే తేల్చి చెప్పి, ఆ తర్వాత తానూ అందులో వేలు పెట్టనివాడే మంచి నాయకుడు.