ఆదిమూలం పేరున్న వాక్యం

గోవర్ధనం మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో కనుక్కునేవారు. ఊరికే పుట్టిన ప్రశ్నయితే నవ్వి ఊరుకునేవారు. దెబ్బ తగిలి పుట్టిందయితే, దాని మీద వాదించకుండా, ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు.

అందరూ కలిసి రాసుకునే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తెలుగు వ్యాసాలు దిద్దేవాళ్ళు కొందరు ఒంగోల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఒక గ్రంథాలయం మేడ మీద కలుసుకునేవారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయిన మాస్టారే వాళ్ళకి గురువు. ఒకనాడు తబిత అనే లా విద్యార్థిని ఆయన్ని అడిగింది.

"రాజకీయాలున్న వ్యాసాల దగ్గర మన నియమాలు నాకు అర్థం కావడం లేదు మాస్టారూ. ఎదుటి మనిషి మంచి ఉద్దేశంతోనే రాశాడనుకోమని ఒక నియమం. ఆ మనిషే ఖాతా తెరిచి కొన్నాళ్ళు కాకపోతే ఆ వ్యాసం మీద చెయ్యి వెయ్యనివ్వొద్దని ఇంకో నియమం. ఇంతకీ మనుషుల్ని నమ్మమంటారా, అనుమానించమంటారా?"

"ఎక్కడ పుట్టిందమ్మా ఈ ప్రశ్న?"

తబిత చెప్పింది. వాళ్ళ జిల్లా నాయకుడొకాయన మీద ఉన్న వ్యాసం చుట్టూ ఈమధ్య ఒక కొత్త వాడుకరి తిరుగుతున్నాడు. ఆ ఒక్క వ్యాసం తప్ప వేరే దేన్నీ ముట్టుకోడు. ఎన్నికలు దగ్గరపడ్డాకే వచ్చాడు. వాక్యాలు తీసేస్తాడు, కారణం రాయడు. పార్టీ ఆఫీసులో కూర్చుని చేస్తున్నాడనడానికి తన దగ్గర ఎన్ని ఆనవాళ్ళున్నాయో ఆమె ఒక్కొక్కటే వివరించింది. అతన్ని వెళ్ళగొట్టించాలని ఆమె కోరిక. మాస్టారు అంతా విని, "ఆదోనిలో విరూపాక్షి అని ఒకాయన ఉండేవాడు" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

విరూపాక్షి ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగి. దుకాణం కాలిపోయిందంటే నిప్పు దానంతటదే అంటుకుందా, ఎవరైనా అంటించారా అని తేల్చడం ఆయన పని. పాతికేళ్ళు ఆ పని చేసిన కంటికి ప్రతి బూడిద కుప్పలోనూ కిరసనాయిలు వాసన తగిలేది. విజ్ఞాన సర్వస్వంలోకి కూడా ఆ కంటినే తెచ్చుకున్నాడు. అక్కడ ఆయన వాడుకరి పేరు నిలువుటద్దం. అయినా తన పేజీలో అసలు పేరూ ఊరూ రాసుకున్నాడు. మొహం దాచుకున్నవాడికి ఇంకొకర్ని అనుమానించే హక్కు లేదనేవాడు.

గొడవలున్న వ్యాసాలకి కాపలా అంటే ఆయనకి ప్రాణం. రోజుకి ఎన్ని వాక్యాలు దిద్దేవాడో ఆయనకే లెక్క ఉండేది కాదు. ఒకరు చేసిన మార్పుని రోజుకి ఒక్కసారికి మించి రద్దు చెయ్యకూడదు, తేడా వస్తే చర్చాపేజీలో మాట్లాడుకోవాలి, అచ్చయిన మూలం చూపించకుండా వాక్యం నిలవకూడదు, వ్యాసంలోని మనుషులతో సంబంధం ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ఈ నియమాల్లో దేన్నీ ఆయన ఎన్నడూ తప్పలేదు. వేరువేరు పేర్లతో పోట్లాడుకుంటున్నట్టు నటిస్తున్న ఇద్దరు వాడుకరులు ఒకే మాటని ఒకే రకంగా తప్పు రాస్తున్నారని గమనించి, ఇద్దరూ ఒక్కరేనని పట్టుకున్నదీ ఆయనే. అప్పటినుంచి ఆయన అనుమానానికి నలుగురిలో విలువ వచ్చింది.

ఆయన కాపలా కాసే వ్యాసాల్లో ఉసిరికుంట కాల్పులు ఒకటి. చాలా ఏళ్ళ కిందట, జలాశయం కోసం తీసుకున్న భూములకి న్యాయం చెయ్యమని ఉసిరికుంట రైతులు మండలాఫీసు ముందు కూర్చున్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. కాల్చమని ఉత్తర్వు ఇచ్చిందెవరో బయటికి రాలేదు. విచారణ వేశారు గానీ దాని నివేదికని బయట పెట్టలేదు. అప్పుడు పాలించిన పార్టీ, పాలించాలనుకున్న పార్టీ ఆ చావుల్ని ఒకరి గుమ్మంలోకి ఒకరు తోసుకుంటూనే ఉన్నాయి. ఆ తోపులాట వ్యాసంలోకీ వచ్చింది. విరూపాక్షి ఇటువాళ్ళనీ నమ్మలేదు, అటువాళ్ళనీ నమ్మలేదు. వాళ్ళు పెట్టిన వాక్యాల్లో మూలం లేనివన్నీ ఏరిపారేశాడు.

మిగిలినవాటిలో ఒక వాక్యం ఉంది. "కాల్పులకు ఉత్తర్వు ఇచ్చింది అప్పటి తహసీల్దారు కె. ఆదిమూలం." దానికి మూలంగా ఒక దినపత్రిక వ్యాసం చూపించి ఉంది.

ఒకనాడు ఎవరో ఆ వాక్యాన్ని తీసేశారు. విరూపాక్షి ఆ ఖాతా వైపు చూశాడు. పేరు మనిషి పేరులా లేదు, అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉంది. ఖాతా తెరిచాక ఒక్క అక్షరం రాయకుండా కూర్చుని, కొత్తవాళ్ళకి పెట్టిన గడువు తీరీ తీరగానే వచ్చి ఈ ఒక్క వాక్యాన్ని లేపేశాడు. గడువు సంగతి తెలిసి కాచుకున్నవాడు కొత్తవాడెలా అవుతాడు? విరూపాక్షి వాక్యాన్ని తిరిగి పెట్టి, "మూలం ఉన్న వాక్యాన్ని తీసేయాలంటే దానికి ఎదురు మూలం చూపించండి" అని చర్చాపేజీలో మర్యాదగా రాశాడు. మర్నాడు వాక్యం మళ్ళీ పోయింది. ఈసారి చర్చాపేజీలో జవాబుంది.

"మూలం మూలం అంటున్నారు. ఆదిమూలాన్ని నేనే."

విరూపాక్షి ఆ జవాబుని చాలాసేపు చూశాడు. ఇది వేళాకోళమైతే, ఇతను ఎవరి పనిమీదో వచ్చి తమతో ఆడుకుంటున్నాడు. నిజమైతే, వ్యాసంలోని మనిషే ఆ సంగతి చెప్పకుండా తన పేరు తుడుచుకుంటున్నాడు. ఎటు చూసినా తలుపు మూయవలసిందే. ఆ మాటే రాసి నిర్వాహకులకి ఫిర్యాదు చేశాడు. వాళ్ళకి అందులో లోపమేమీ కనబడలేదు. ఆ ఖాతాని నిరోధించారు.

కొన్నాళ్ళకి ఆదోనిలో ఆయన ఆఫీసుకి ఒక ముసలాయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. "నిలువుటద్దం అంటే మీరేనా సారూ?" అన్నాడు. కూర్చోమనకముందే విరూపాక్షి ఆయన చెప్పులు చూశాడు, చేతులు చూశాడు, బయట కారులో ఎవరైనా కాచుకున్నారేమోనని కిటికీలోంచి చూశాడు.

"మిమ్మల్నెవరు పంపించారు?"

"నాకు మనుషులు మిగిలుంటే మీ దాకా ఎందుకొస్తా సారూ. ఆదిమూలం నా పేరు."

పోయిన ఏడు, కాల్పుల వార్షికం నాడు ఒక టీవీ చానల్లో తన పేరు చదివి ఫొటో కూడా చూపించారని ముసలాయన చెప్పాడు. మర్నాటినుంచి రోజూ టీ తాగే చోట తన పక్క బల్ల ఖాళీ అయిందట. "మా ఆమె పోయినప్పుడు పాడె మొయ్యను వీధిలో ఒక్కరు రాలేదు. మున్సిపాలిటీ బండి పిలిపించుకున్నా."

కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళని విరూపాక్షి ఉద్యోగంలో చాలామందిని చూశాడు. ఈయన కన్నీళ్ళు పెట్టుకోలేదు. అందుకని ఇంకా ఎక్కువ అనుమానం వేసింది.

"అయితే ఉత్తర్వు మీరివ్వలేదంటారు?"

"ఆ వారం నేను సెలవులో ఉన్నా."

"దానికేమన్నా కాగితముందా?"

"ఆఫీసు వేరే ఊరికి మార్చినప్పుడు అన్నీ చెదలకి పోయినాయి."

విరూపాక్షి లోలోపల నవ్వుకున్నాడు. అవసరమైన కాగితాలకే చెదలెందుకు పడతాయో ఆయనకి తెలుసు. ఆ నవ్వుని ముసలాయన కనిపెట్టినట్టున్నాడు.

"ఆ మాట ఇడ్సిపెట్టండి సారూ. నేను ఇచ్చినానో లేదో మీరు తేల్చొద్దు. ఇచ్చినానని మీకెవరు చెప్పినారు? అదొక్కటి చెప్పండి."

విరూపాక్షి కంప్యూటర్ తెరని ఆయన వైపు తిప్పి పత్రిక వ్యాసం చూపించాడు. ముసలాయన వంగి, తన పేరున్న చోట వేలు పెట్టి చదువుకున్నాడు.

"మరి వీళ్ళకెవరు చెప్పినారు?"

"అది వాళ్ళని అడగాలి."

"అడిగినా సారూ. ఆ పేపరాఫీసుకి పోయి అడిగినా. మీ దాంట్లో చూసి రాసినామన్నారు."

ముసలాయన వెళ్ళిపోయాక కూడా విరూపాక్షి ఆయన్ని నమ్మలేదు. అబద్ధమని రుజువు చేద్దామనే వ్యాసం పాత ప్రతులు తెరిచాడు. ఆ పేజీలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా నిలిచే ఉంటుంది. వాక్యం వెంట వెనక్కి వెళ్ళాడు. పత్రిక వ్యాసం అచ్చయిన రోజు వచ్చింది, దాటింది. వాక్యం ఇంకా ఉంది. పత్రికకి ఏడాది ముందు కూడా ఉంది. ఇంకా వెనక్కి వెళ్ళాడు. చిట్టచివరికి దాని పుట్టుక దొరికింది. దారినపోయేవాడెవడో, పేరు కూడా లేనివాడు, ఇలా రాసి వెళ్ళాడు: "కాల్చమన్నది తహసీల్దారేనని మా వైపు కొందరు అనుకుంటారు, నిజం మాకు తెలీదు."

మర్నాడే ఎవరో దాన్ని సరిదిద్దారు. విజ్ఞాన సర్వస్వంలో "మా వైపు" అనకూడదు, "అనుకుంటారు" అనకూడదు. ఆ రెండూ తీసేశారు. "నిజం మాకు తెలీదు" అన్నది సమాచారం కాదు గనక అదీ తీసేశారు. తహసీల్దారు అని ఊరికే అంటే చాలదు గనక, ఆ ఏడాది ఆ మండలానికి తహసీల్దారు ఎవరో ప్రభుత్వ జాబితాలో వెతికి, ఆ జాబితానే మూలంగా చూపించి, పేరు చేర్చారు. పక్కన "శైలి సవరణ, స్పష్టత" అని కారణం కూడా రాశారు. ఆ తరవాత పత్రికవాళ్ళు దాన్ని ఎత్తి రాసుకున్నారు. తరవాత ఇంకెవరో ఆ పత్రికనే తెచ్చి మూలంగా తగిలించారు.

పేరు చేర్చినవారి వాడుకరి పేరు నిలువుటద్దం.

ఆఫీసు ప్యూను తలుపులు వేసుకోవడానికి వచ్చి, సారు ఒంట్లో బాగుందా అని అడిగాడట. విరూపాక్షి కంప్యూటర్ కట్టేసి లేచాడు. తరవాత ఆయన నాతో అన్నాడు, "ఆ పేరు చేర్చిన రోజు నేను చేసిందాంట్లో తప్పు పని ఒక్కటి కూడా లేదు మాస్టారూ. అదే నన్ను భయపెట్టింది" అని.

మర్నాడు వాక్యాన్ని తనే తీసేశాడు. ఎందుకు తీశాడో, అందులో పేరు చేర్చిందెవరో చర్చాపేజీలో దాపరికం లేకుండా రాశాడు. ముసలాయన ఖాతా మీది నిరోధం తీసెయ్యమని అడిగాడు. గంట తిరక్కుండానే ఎవరో, మూలం ఉన్న వాక్యాన్ని తీయకూడదు అని, వాక్యాన్ని మళ్ళీ పెట్టారు. రోజుకి ఒక్కసారే అన్న నియమం ఉంది గదా. ఆ రోజుకి తన వంతు అయిపోయింది. రోజల్లా ఆ పేరు అక్కడే ఉంది, విరూపాక్షి దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఇంకో పేరుతో ఖాతా తెరిచి తీసేద్దామని కూడా ఒక క్షణం అనిపించిందట. అలా చేసేవాళ్ళనే గదా ఆయన అన్నేళ్ళూ పట్టించింది.

చర్చ వారాల తరబడి సాగింది. నిలువుటద్దం ఏ పార్టీకి అమ్ముడుపోయింది అని ఒకరు రాశారు. ముసలాయన కులం ఏమిటో, విరూపాక్షి కులం ఏమిటో ఆరా తీసినవాళ్ళున్నారు. వాళ్ళు చూపించిన ఆనవాళ్ళన్నీ ఎంత బాగా అతికినట్టు ఉన్నాయంటే, చదివి నన్ను నేనే అనుమానించుకున్నానన్నాడు. చివరికి, పత్రిక మన దగ్గర తీసుకున్నదాన్ని తిరిగి మనం పత్రిక దగ్గర తీసుకోకూడదని అందరూ ఒప్పుకున్నారు. వాక్యం పోయింది. "ఉత్తర్వు ఎవరిచ్చారో తెలియరాలేదు" అన్న వాక్యం వచ్చింది. పత్రిక మాత్రం ఏ సవరణా వెయ్యలేదు.

ఆ మాట చెప్పడానికి విరూపాక్షి బస్సెక్కి ముసలాయన ఊరు వెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను. ముసలాయన మంచినీళ్ళిచ్చి, అంతా విన్నాడు. సంతోషించినట్టు కనబడలేదు.

"ఖాళీగా ఉందని ఇంకో పేరు పెట్టొద్దండి సారూ" అన్నాడు.

విరూపాక్షి చటుక్కున తలెత్తాడు. పాత చూపు తిరిగొచ్చింది. "అంటే, ఎవరో మీకు తెలుసా?"

"చెప్పితే మూలం అడుగుతారు" అన్నాడు ముసలాయన, గ్లాసు తీసుకుని లోపలికి పోతూ.

మాస్టారు అక్కడ ఆపారు. అందరికీ ఒకటే ప్రశ్న ఉంది, తబితే అడిగింది.

"ఇంతకీ ఆయన ఇచ్చాడా మాస్టారూ, ఉత్తర్వు?"

"తెలీదు."

"మీకేమనిపించింది?"

"ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు ఒక రకంగా అనిపించింది. బస్సెక్కాక ఇంకో రకంగా అనిపించింది. రెండూ ఎక్కడా రాయలేదు."

తబిత ఒప్పుకోలేదు. "అది వేరు మాస్టారూ. నేను చెప్పేవాడు ముసలాయన కాదు. వాడు పార్టీ మనిషే. నాకు తెలుసు."

"అయ్యుండొచ్చు" అన్నారు మాస్టారు. "ఇంతసేపూ అతని సంగతే చెప్పావు. అతను తీసేసిన వాక్యాలేమిటమ్మా?"